పైడితల్లికి నేను తెప్పించిన అయిదో నెల

నా తెలివితేటల వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిన సంగతి చెప్పబోతున్నాను. నవ్వుకుంటూ వినండి, నేనేమీ అనుకోను. ఆ మనిషే ఇప్పుడు ఈ కథ చెప్పుకుని నాకంటే ఎక్కువ నవ్వుతుంది. మధ్యలో ఒకటి రెండు చోట్ల నవ్వు గొంతులో అడ్డుపడితే మాత్రం ఆ తప్పు నాది.

రాయగడ అప్పటికింకా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. రైలు కొత్తగా వచ్చింది. బండి కూత వినపడితే వీధిలో ఆడవాళ్ళం పొయ్యి మీద కూర వదిలేసి గుమ్మంలోకి పరుగెత్తేవాళ్ళం. మా ఆయన సంస్థానం వారి కచేరీలో గుమస్తా. ఆయన తమ్ముడు స్టేషనులో టిక్కెట్లు ఇచ్చేవాడు. అన్నదమ్ములిద్దరూ, తోటికోడళ్ళం ఇద్దరం, మా అత్తగారూ, నా మూడేళ్ళ కూతురూ ఒకే పెంకుటింట్లో ఉండేవాళ్ళం. తోటికోడలి పేరు పైడితల్లి. నాకు ఇరవై రెండు, దానికి పందొమ్మిది. కాపురానికి వచ్చి అయిదేళ్ళయినా దాని కడుపు పండలేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. అనకపోవడంలోనే అంతా ఉండేది.

ఇక నా సంగతి. నేను విజయనగరంలో ఆరో తరగతి దాకా చదివాను. ఆ వీధిలో అంత చదువు చదివిన ఆడది లేదు కాబట్టి, ఆ చదువు నా నెత్తి మీద కిరీటంలా ఉండేది. రాత్రి పడుకున్నప్పుడు కూడా తీసేదాన్ని కాను. దానికి తోడు, అత్తవారింటికి పంపేటప్పుడు మా నాన్న నా పెట్టెలో ఒక పుస్తకం పెట్టాడు. ఆరు ఋతువుల్లోనూ ఆడవాళ్ళు ఎలా తినాలో, ఎలా స్నానం చేయాలో, ఎలా పడుకోవాలో చెప్పే పుస్తకం. అయితే మా ఇంటి చెదలు నాకంటే ముందు దాన్ని చదివేశాయి. జ్వరాల ప్రకరణం మొదలు నుంచి చివరి దాకా నమిలేశాయి. గర్భిణుల ప్రకరణం మాత్రం ఒక్క అక్షరం పోకుండా మిగిలింది. నా వైద్యం ఎటు నడిచి ఉంటుందో మీకు అప్పుడే అర్థమై ఉండాలి. నాకే అర్థం కాలేదు.

ఆషాఢంలో వానలు మొదలవగానే నేనూ మొదలుపెట్టాను. వానాకాలం నీళ్ళు కాచి చల్లార్చి తాగాలన్నాను. తడి జుట్టు ముడి వేయకూడదన్నాను. పొద్దున్నే శొంఠి కాఫీ. చలికాలం రాగానే నువ్వులూ బెల్లమూ, వారానికోసారి నూనె తలంటు. ఎండాకాలం రాగులతో కాచిన చోడి అంబలీ, మజ్జిగా. కాలం మారినప్పుడల్లా ఒక మోతాదు ఆముదం. మధ్యాహ్నం అంట్లు తోముకుని కూర్చున్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఎవరూ అడక్కపోయినా చెప్పేదాన్ని. దూరంగా నా చీర కొంగు కనపడితే చాలు, కొందరికి హఠాత్తుగా పెరట్లో పని గుర్తొచ్చేది.

మా అత్తగారు మాత్రం పారిపోయే మనిషి కాదు.

"ఏటే సత్తెమ్మీ, నీల్లు మరగబెట్టి, మల్లీ సల్లార్సి తాగాలా?"

"అవునత్తా. ఈ కొండనీళ్ళు మంచివి కావు."

"సల్లారబెట్టేదానికి మరగబెట్టడం దేనికే? కట్టెలు మీ బాబు బండి కట్టి అంపుతున్నాడేటి?"

అలా అంటూనే చాటుగా కాచిన నీళ్ళే తాగేది. ఒప్పుకుంటే అత్తగారి హోదాకి లోటు కదా.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ నియమాలు చెడ్డవి కావు. ఇప్పటికీ నేను పాటిస్తున్నాను. తప్పల్లా చెప్పిన మనిషిది. ఎందుకంటే, వీధి వీధంతా వేడన్నం తినాలని బోధించే నేను, మా ఇంట్లో ఎవరు ఏం తింటున్నారో చూడలేదు. ముందు మగవాళ్ళు తినేవారు. తరవాత అత్తగారు. తరవాత నేను. అందరి తరవాత, వంటింట్లో ఓ మూల, చల్లారి గడ్డకట్టిన అన్నంలో చారు అడుగు పోసుకుని పైడితల్లి. సాయంత్రం చీకటి పడే వేళ పెరట్లో కాలవ పక్కన కూర్చుని అంట్లు తోమేది కూడా అదే. ఆ కాలవ దగ్గర దోమలు ఎంతలా ముసిరేవంటే, దూరం నుంచి చూస్తే దాని చుట్టూ పొగ కమ్మినట్టుండేది. నేను ఆ వేళకి దీపం దగ్గర కూర్చుని ఆరోగ్య నియమాలు చదువుకునేదాన్ని.

శ్రావణంలో ఒక పొద్దున్న పైడితల్లి బావి గట్టున వాంతి చేసుకుంది. నేను పరుగెత్తాను.

"ఏమైందే?"

"ఏటో అక్కా, కడుపులో తిప్పేస్తంది. ఒల్లంతా నొప్పులు. నిన్న సలి కూడా వేసీసింది."

"నెల తప్పిందా?"

అది తల వంచుకుంది. "రెండు నెలలయిపోనాది. కానీ అక్కా…"

"కానీ లేదు, గీనీ లేదు!"

ఆ 'కానీ' తరవాత ఏముందో నేను అప్పుడు వినివుంటే ఈ కథే ఉండేది కాదు. నేను అప్పటికే వంటింట్లోకి, వంటింట్లోంచి వీధిలోకి వెళ్ళిపోయాను. మధ్యాహ్నానికి మా వీధిలో ప్రతి ఇంటికీ తెలిసింది. సాయంత్రానికి, స్టేషనులో టిక్కెట్టు కొనడానికి వెళ్ళిన ముసలాయన ఒకడు మా మరిదిని "శుభం నాయనా!" అన్నాడట. మరిదికి తన భార్య కడుపుతో ఉన్న సంగతి ఆ విధంగా, అరణా చిల్లర తిరిగి ఇస్తూ తెలిసింది.

ఆ రోజు అత్తగారు పొయ్యి దగ్గరికి వెళ్ళి, అన్నం వార్చి, మగవాళ్ళకి కూడా పెట్టకుండా, మొదటి గరిటె పైడితల్లి విస్తట్లో పెట్టింది. నెయ్యి వేసింది. పక్కన కూర్చుంది.

"తిను. సల్లారిపోద్ది."

పైడితల్లి అన్నం వంక చూసింది. పొగలు వస్తున్న అన్నాన్ని ఆ ఇంట్లో అది అయిదేళ్ళలో వడ్డించడమే గాని తినలేదు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "కారమెక్కువైందేటి?" అంది అత్తగారు. కారం వేసిన పదార్థం ఆ విస్తట్లో ఏదీ లేదు.

ఆ రోజు నుంచి అంట్లు నావి. కాలవ పక్కన కూర్చోవడం నా వంతు. పైడితల్లికి నులకమంచం, శుక్రవారం వేడినీళ్ళ తలంటు, పొద్దున్నే పాలు. అన్నీ నా పుస్తకం ప్రకారమే జరిగాయి. ఒకటి తప్ప అన్నీ సరిగ్గానే చేశానన్న మాట. ఆ ఒకటీ ఏమిటంటే, అది గర్భిణి కాదు.

భాద్రపదం వచ్చేసరికి దానికి రోజు మార్చి రోజు చలి పట్టుకునేది. మధ్యాహ్నం పన్నెండు దాటిందంటే పళ్ళు టకటకలాడేవి. రెండు దుప్పట్లు, పైన గోనె, ఆ పైన నేను, ఇంతమందిమి కప్పినా మంచం గడగడా వణికేది. తరవాత నిప్పులాంటి ఒళ్ళు. తరవాత చెమట. మర్నాడు నీరసంగా నవ్వుతూ లేచి కూర్చునేది. కోరాపుట్, రాయగడ ప్రాంతాల్లో మూడు వానాకాలాలు గడిపిన పసిపిల్ల కూడా అదేమిటో చెప్పగలదు. నేను చెప్పలేకపోయాను. పైగా కారణం కనిపెట్టాను.

"ఒంట్లో ఉన్న వేడంతా బిడ్డ దగ్గరికి పోతుంది. అందుకే పైన చలి," అన్నాను.

"మరి తరవాత కాలిపోతందేటే?" అంది అత్తగారు.

"బిడ్డ ఆ వేడి వాడుకుని మిగిలింది తిరిగి పంపేస్తుంది."

నిజంగా ఈ మాట అన్నాను. నా నోటితోనే అన్నాను. మా అత్తగారు నా వంక చాలాసేపు చూసి, "సదువుకున్నదానివి," అని ఊరుకుంది. ఆవిడ ఊరుకోకపోతే బాగుండేదని తరవాత ఎన్నోసార్లు అనుకున్నాను.

ఒక రోజు మరిది తపాలాఫీసులో అమ్మే క్వినైన్ పొట్లాలు తెచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, నసుగుతూ అన్నాడు:

"వదినా, నాకెందుకో ఇది జొరమనిపిస్తంది. రైలు పట్టాల కాడ కూలీలకి ఇలగే వస్తాది. ఈ పొడి ఇస్తే తగ్గిపోద్ది."

"క్వినైనా!" అని నేను పెట్టిన కేకకి పెరట్లో కాకులు లేచిపోయాయి. "కడుపుతో ఉన్న పిల్లకి క్వినైన్ ఇస్తావా? కడుపు పోతుందని తెలీదూ?"

పాపం, అతని మొహం పాలిపోయింది. అయిదేళ్ళకి కాస్తున్న కాయ. పొట్లాలు నా చేతిలో పెట్టేశాడు. నేను వాటిని బియ్యం డబ్బా వెనక దాచేశాను. ఒక బిడ్డ ప్రాణం కాపాడానని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మా ఆయన మాత్రం ఒకసారి, తలపాగా చుట్టుకుంటూ, "ఆసుపత్రి డాక్టరుకి ఒకమాటు చూపిద్దామా?" అన్నారు.

"ఆడవాళ్ళ సంగతులు డాక్టరుకేం తెలుసు?" అన్నాను.

ఆయన పైవారి మాటకి ఎదురు చెప్పి ఎరగరు. కచేరీలో అలవాటు ఇంట్లోనూ పనిచేసింది.

సంత రోజుల్లో మా ఇంటికి ఆకుకూరలూ, విస్తళ్ళు కుట్టే అడ్డాకులూ తెచ్చే, ఒడియా మాట్లాడే దేసియా కొండమనిషి ఒకామె ఉండేది. పేరు గురుబారి. ముక్కుకి మూడు పోగులు, తల మీద గంప, నోట్లో చుట్ట. ఆమెకి పది తెలుగు మాటలు వచ్చు, నాకు పది ఒడియా మాటలు వచ్చు. దురదృష్టవశాత్తూ అవి వేరువేరు పదులు. ఆశ్వయుజంలో ఒక సంత రోజు ఆమె గంప దించి, మంచం మీద ఉన్న పైడితల్లిని చూసింది. దగ్గరికి వెళ్ళింది. కళ్ళ కింద రెప్ప లాగి చూసింది. చీర మీదుగానే ఎడమ వైపు డొక్క కింద చెయ్యి వేసి నొక్కింది. నా వైపు తిరిగి గట్టిగా అంది:

"పేటే పిలేయి, మా! పిలేయి!"

పేట అంటే కడుపు. పిలా అంటే బిడ్డ. నాకొచ్చిన పది మాటల్లో ఈ రెండూ ఉన్నాయి.

"చూశారా అత్తా! కడుపులో బిడ్డ ఉందని గురుబారి కూడా చెప్పింది!" అని గెంతినంత పని చేశాను. ఆమెకి ఒక సోలెడు కొత్త బియ్యం పోశాను. ఆమె బియ్యం వంక, నా వంక, మంచం వంక మార్చి మార్చి చూసింది. "పిలేయి," అంది మళ్ళీ, ఈసారి మెల్లిగా, చెవిటివాళ్ళకి చెప్పినట్టు. "అవునమ్మా, పిలా, పిలా!" అన్నాను నేను, చేతులతో ఉయ్యాల ఊపి చూపించి. ఆమె చుట్ట తీసి పక్కన పెట్టి, తల కొట్టుకుంది. సంతోషంతో కొట్టుకుందనుకున్నాను.

తరవాత సంతకి ఆమె డబ్బులడక్కుండా ఒక కట్ట ఆకు తెచ్చి ఇచ్చింది. జ్వరానికి కాచి తాగించే నేలవేము. నాలిక మీద పెడితే మూడు రోజుల దాకా చేదు దిగదు. కడుపుతో ఉన్నదానికి చేదు పెట్టకూడదని నా పుస్తకంలో ఉంది. కట్ట తీసుకెళ్ళి ఆవుకి వేశాను. ఆవు వాసన చూసి మొహం తిప్పుకుంది.

కార్తీకం వచ్చింది. చలి ముదిరింది. పైడితల్లి చేతులు పుల్లల్లా అయిపోయాయి, మొహం పసుపు రాసినట్టుంది, కాని కడుపు పెరిగింది. ఎడమ వైపే పెరిగింది. ఎందుకలా అని పక్కింటావిడ అడిగితే, "ఆడపిల్ల. ఆడపిల్ల ఎడం పక్కకి ఒత్తిగిలి పడుకుంటుంది," అన్నాను. ఇక అయిదో నెల వచ్చేసిందని నిర్ణయించి, సాలూరులో ఉన్న పైడితల్లి తల్లికి కూతురికి గాజులు తొడిగే సూడిదల వేడుకకి రమ్మని ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు రాశాను. అందులో రెండు పేజీలు నా గురించే.

ఆవిడ చలిమిడీ, పసుపూ కుంకుమా, రెండు డజన్ల గాజులూ మూట కట్టుకుని వచ్చింది. గుమ్మంలో కూతుర్ని చూసి ఆగిపోయింది.

"ఏటమ్మీ, ఇలగైపోనావు?"

"వేవిళ్ళు పిన్నీ. కొందరికి ఇలాగే ఉంటుంది," అన్నాను నేను, పైడితల్లి నోరు తెరవకముందే.

మర్నాడు పొద్దెక్కాక సూడిదలు. వీధిలో ఆడవాళ్ళందరూ వచ్చారు. పైడితల్లిని పీట మీద కూర్చోబెట్టాం. పాట అందుకున్నారు. తల్లి గాజులు తొడగడం మొదలుపెట్టింది. ఒకటి తొడిగింది. అది మణికట్టు దాటి, మోచెయ్యి దాటి, భుజం దాకా వెళ్ళిపోయింది. చెయ్యి దించితే జారి కిందపడి పగిలింది. రెండోది కూడా అంతే. ఆవిడ మూడో గాజు తొడగలేదు. దాన్ని చేతిలో పట్టుకుని, కూతురి మణికట్టు వంకే చూస్తూ కూర్చుంది. పాట పాడేవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఆఖరికి నేనొక్కదాన్నే పాడుతున్నాను.

అప్పుడు పట్టుకుంది చలి. అంత చలి ముందెప్పుడూ రాలేదు. పీట మీంచి పక్కకి ఒరిగిపోయింది. కళ్ళు పైకి వెళ్ళిపోయాయి. పళ్ళు బిగుసుకుపోయాయి. చలిమిడి పళ్ళెం దొర్లిపోయింది. తల్లి "అమ్మో, నా పైడీ!" అని మీద పడింది. అత్తగారు అరిచింది:

"సూస్తావేటే! ఎల్లి డాట్రుని తీసుకురమ్మను!"

మా ఆయన్ని పిలవలేదు. మరిది కోసం చూడలేదు. తలంటుకున్న జుట్టు విరబోసుకుని, సూడిదల పట్టుచీరతో, ఆసుపత్రి దాకా నేనే పరుగెత్తాను. దారి పొడుగునా నాకు ఒకటే మాట: నాకు ఎందుకు ఇంత తెలుసనుకున్నాను? ఆ రోజు బజారు మధ్యలో నన్ను చూసినవాళ్ళు ఏమనుకున్నారో గాని, నేను మాత్రం జీవితంలో మొదటిసారి ఎవరికీ ఏ సలహా ఇవ్వకుండా నాలుగు వీధులు దాటాను.

డాక్టరుగారు వయసు మళ్ళిన మనిషి. తక్కువ మాట్లాడతారు. వచ్చి, నాడి చూసి, రెప్ప లాగి చూసి, దుప్పటి మీదుగా ఎడమ డొక్క కింద వేళ్ళు వేసి నొక్కారు. అచ్చం గురుబారి నొక్కినట్టే.

"ఎన్నో నెలన్నారు?"

"అయిదు," అన్నాను.

"చలి ఎన్నాళ్ళ నుంచి?"

"శ్రావణం నుంచి. రోజు మార్చి రోజు."

ఆయన చెయ్యి తీశారు. "అమ్మా, ఇది బిడ్డ కాదు. చలిజ్వరానికి ప్లీహం పెరిగింది. కడుపులో బల్ల అంటారు చూడండి, అది. ఒంట్లో రక్తం లేక నెలలు ఆగిపోయాయి. క్వినైన్ ఒక్క మోతాదైనా ఇచ్చారా?"

అందరూ నా వంక చూశారు. అప్పుడే పెరటి గుమ్మంలోంచి ఒక గొంతు వినపడింది. సంత రోజు కావడంతో గురుబారి వచ్చి నిలబడి ఉంది.

"పిలేయి," అంది ఆమె, డాక్టరుతో, నన్ను వేలితో చూపిస్తూ. తరవాత గడగడా ఒడియాలో ఏదో చెప్పింది.

డాక్టరుగారు నా వైపు తిరిగారు. ఆయన మొహంలో నవ్వు లేదు. "నెల కిందటే మీకు చెప్పానంటోంది. పిలేయి అంటే ప్లీహమమ్మా. బిడ్డని పిలా అంటారు. మీరు ఈమెకి బియ్యం పోసి, ఉయ్యాల ఊపి చూపించారట."

పాఠకులారా, భూమి పగిలి లోపలికి పోవాలని చాలామంది అంటుంటారు. నేను ఆ రోజు నిజంగానే కాళ్ళ కింద నేల వంక చూశాను. పగల్లేదు. పేడతో బాగా అలికి ఉంది. అలికింది నేనే.

పైడితల్లి తల్లి ఇదేమీ వినలేదు. ఆవిడ ఒక్కటే అడిగింది: "నా కూతురు బతుకుద్దా బాబూ?"

"ఇవాళ్టి నుంచి మందు పడితే బతుకుతుంది. ఇంకో నెల ఇలాగే సూడిదలు చేస్తూ కూర్చుంటే నేను చెప్పలేను."

నేను లేచి, బియ్యం డబ్బా వెనక నుంచి పొట్లాలు తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాను. అవి లెక్కబెట్టి, మొదటి మోతాదు తానే నీళ్ళలో కలిపారాయన. తిట్టివుంటే కాస్త తేలిగ్గా ఉండేది. మరిది గుమ్మం పక్కన నిలబడి గోడ వైపు తిరిగిపోయాడు. అతని భుజాలు కదలడం చూశాను. పోయింది బిడ్డ కాదు, బిడ్డ ఎప్పుడూ లేదు. అయినా ఆ ఇంట్లో ఆ రోజు ఎవరో పోయినట్టే ఉంది.

మూడు రోజుల తరవాత చలి రాలేదు. పైడితల్లి తేటగా కళ్ళు తెరిచి కూర్చుంది. నేను కాళ్ళ దగ్గర కూర్చుని, నోటికొచ్చిన క్షమాపణలన్నీ చెప్పాను. అది నా నోరు మూసింది.

"నాకు తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"బిడ్డ కాదని. ఆ రోజు బావి కాడే సెప్దామనుకున్నాను. నెల తప్పక మునుపే జొరం వస్తండేది, ఎవరికీ సెప్పలేదు. తరవాత నువ్వు అంతమందికి సెప్పీసినావు. అత్త వేడన్నం పెట్టీసింది. నానేటి సేతును? నిజమైపోద్దేమో అని ఊరుకున్నాను." కాసేపు గోళ్ళు చూసుకుంది. "అక్కా, మరి ఇప్పుడు మల్లీ ఆఖర్నే తినాలేటి?"

ఆరు ఋతువుల పుస్తకం మొత్తం వెతికినా దానికి జవాబు లేదు. జవాబు గుమ్మంలోంచి వచ్చింది. మా అత్తగారు విస్తరాకు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆఖర్న తినడమేటి! కడుపులో పిల్ల ఉంటేనే మనిషేటి? కూకో. అమ్మీ సత్తెమ్మా, నువ్వూ కూకో. ఇయ్యాల్టి నుంచి ఈ ఇంట్లో ఆడోల్లందరం ఒక్కమాటే కూకుని తింతాం. ఎవరికి జొరమొచ్చినా ఆ పూటే సెప్పాల. దాసీస్తే ఈపు సితక్కొడతాను."

వైద్యశాస్త్రంలో అంతకంటే మంచి సూత్రం నేను తరవాత కూడా ఎక్కడా చదవలేదు. మగవాళ్ళిద్దరూ ఆ పూట వడ్డించేవాళ్ళు లేక కాసేపు దిక్కులు చూసి, తామే వడ్డించుకున్నారు. ఇద్దరూ బతికే ఉన్నారు.

చలికాలం పోయేసరికి పైడితల్లి కోలుకుంది. పెరట్లో కాలవ పూడ్పించాం. అంట్లు పొద్దుండగానే, ఇద్దరం కలిసి తోముకునేవాళ్ళం. వానలు పడగానే మంచాలకి దోమతెరలు కట్టాం. నేలవేము కషాయం నేనే కాచి, ముందు నేనే తాగి, మొహం వంకర్లు తిప్పేదాన్ని. గురుబారి దగ్గర కూర్చుని ఒడియా నేర్చుకున్నాను. మొదట నేర్చుకున్న మాట ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు.

రెండేళ్ళు గడిచాయి. ఒక సంత రోజు గురుబారి గంప దించుతూ, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది.

"పేటే పిలా, మా!"

"ఎవరికి?" అన్నాను.

ఆమె లోపలికి చూపించింది. పైడితల్లి తలుపు చాటున నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. దాని చేతికి గాజులు నిండుగా ఉన్నాయి, ఒక్కటీ జారడం లేదు. అయిదో నెలట. డాక్టరుకి తెలుసు. అత్తగారికి తెలుసు. సాలూరులో తల్లికి తెలుసు. పక్కింటావిడకి తెలుసు. స్టేషనులో "శుభం నాయనా!" అన్న ముసలాయనకి కూడా తెలుసు. ఒకే ఇంట్లో, ఒకే పంక్తిలో అన్నం తింటున్న నాకు తప్ప రాయగడ మొత్తానికి తెలుసు.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను, ఏడుపొకటే తక్కువగా.

"నీకు సెప్తే నువ్వు అవునంటావక్కా," అంది పైడితల్లి. "నువ్వు అవునంటే నాకు బయ్యం. అందుకని, అందరూ అవునన్నాక సెప్దామని…"

అందుచేత ఆ రోజే, ఆ గుమ్మంలోనే, గురుబారి సాక్షిగా ఈ విధంగా ప్రమాణం చేశాను. ఇక మీదట ఏ ఋతువులోనైనా సరే, ఏ ఆడదానికి ఒంట్లో బాగోకపోయినా, ఆమె 'కానీ' అన్నాక నోరు మూసుకుని మిగతాది వింటాను. వేడన్నం పెడతాను. ఆసుపత్రికి తోడు వెళతాను. డాక్టరుగారు మాట్లాడుతున్నంతసేపూ బయట బల్ల మీద కూర్చుంటాను. శుభవార్త అయితే, ఊళ్ళో ఆఖరి మనిషిగా సంతోషిస్తాను.

ఈ ప్రమాణాన్ని ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదు. మా వీధి ఆడవాళ్ళు తప్పనివ్వలేదు.